ఇంజను ఆయిలు మార్చునపుడు పాత వాషరు పనికివచ్చునా?

కర్నూలు, కడప సీమలలో మోటారు సైకిలు నేడు షోకు వస్తువు కాదు. తెల్లవారకముందే పాలక్యానులను పట్టణమునకు చేర్చునది అదియే. బేతంచర్లలో నాపరాళ్లకు పాలిషు పట్టు షెడ్లకు పనివారిని కొనిపోవునది అదియే. ప్రొద్దుటూరినుండి చీరల మూటలను పల్లె పల్లెకు త్రిప్పునది అదియే. 1985లో హీరో హోండా సి.డి. 100, 1994లో స్ప్లెండరు వచ్చిన పిమ్మట 100 సి.సి. బండి లేని వీధి ఈ ప్రాంతమున అరుదయ్యెను. ఇట్టి బండికి ఇంజను ఆయిలు మార్చుట గొప్ప విద్య యేమియు కాదు గనుక, పలువురు ఇంటి వాకిటనే, వేపచెట్టు నీడను కూర్చుండి, ఒక పళ్లెము, ఒక పానా, ఒక డబ్బా ఆయిలుతో ఆ పని ముగించుకొనుచున్నారు.

అడుగున డ్రెయిన్ బోల్టు విప్పి, నల్లని పాత ఆయిలు పళ్లెములోనికి దిగుచుండగా, అరచేతిలో ఒక చిన్న లోహపు బిళ్ల మిగులును. అదియే వాషరు. ఒకవైపు బోల్టు తల ముద్ర, వేరొకవైపు చాంబరు ముద్ర పడి, కొంచెము నలిగి యుండును. దానిని చూడగానే కలుగు సందేహము ఒకటే: దీనినే మరల వేయవచ్చునా, క్రొత్తది కొనవలెనా? స్పేరుపార్టుల దుకాణదారు నడిగినచో, "అన్నా, ఆయిలు మార్చినప్పుడల్లా కొత్తది వెయ్యాల" అనును. ప్రక్కింటి పెద్దాయన నడిగినచో, "ఏమీ కాదులే నాయనా, పదేండ్లనుంచి నేను అదే వేస్తాండా, చుక్క కారలేదు" అనును. దుకాణదారు మాటలో బేరము కొంత యుండవచ్చును. పెద్దాయన మాటలో పొదుపు కొంత యుండవచ్చును. ఐనను ఇద్దరును అబద్ధమాడుట లేదు. వాషరు అను ఒకే పేరుతో చెలామణి యగుచున్నవి వేరు వేరు జాతుల వస్తువులు. అవి ఆయిలును ఆపు తీరు వేరు. కావున వానిని మార్చు నియమమును వేరే.

మొదట ఈ బిళ్ల చేయు పనిని తెలిసికొందము. బోల్టు మరలే ఆయిలును ఆపునని చాలమంది యనుకొందురు. అది సరికాదు. బోల్టు మరకును, చాంబరు మరకును నడుమ సన్నని సందు ఒకటి మెట్లదారివలె చుట్టలు చుట్టలుగా పైవరకు ఉండనే యుండును. కాగి పలుచబడిన ఆయిలునకు ఆ దారి చాలును. మరల పని బిగించి పట్టుట మాత్రమే. ఆయిలును నిజముగా ఆపునది బోల్టు తల క్రింది చదునునకును, చాంబరు చదునునకును నడుమ నలిగిన వాషరు. ఆ రెండు చదునులును కంటికి నున్నగా కనబడినను, వానిపై యంత్రపు ఉలి కోసిన సన్నని గీతలు ఉండును. మెత్తని లోహమును నడుమ నుంచి బిగించినపుడు అది కొంచెము జరిగి, ఆ గీతలలోనికి దిగి, వానిని పూడ్చివేయును. వేడి సంగటి ముద్దపై గిన్నె అడుగును ఒత్తినచో గిన్నె అంచు, దానిపైని గీతలు అన్నియు ముద్దలో దిగును గదా! వాషరు పనియు అట్టిదే. ముద్ద మెత్తగా నున్నంతవరకే ముద్ర చక్కగా పడును. మరునాటి చద్దిముద్దపై ఒత్తినచో అంచులు పగులునే గాని గీత దిగదు.

ఒకమారు నలిగిన లోహము చద్దిముద్ద వంటిది. రాగి, అల్యూమినియము మొదలగు లోహములు నలుగగొట్టిన కొలది గట్టిపడును. ఈ సంగతి మన కంచరివారికి తరతరములుగా తెలిసినదే. రాగిరేకును సుత్తితో కొట్టి బిందెగా మలచునపుడు, కొంతసేపు కొట్టగానే రేకు బిగుసుకొనును. ఇంకను కొట్టినచో చీలును. అందుచేత కంచరి దానిని కొలిమిలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, మరల కొట్టును. కాల్చుటవలన లోపలి కణములు మరల కుదురుకొని లోహము మెత్తబడును. కమ్మరి పని చూచినవారికి ఇది వింతగా తోచవచ్చును. ఏలయన, ఉక్కును ఎర్రగా కాల్చి నీట ముంచినచో గట్టిపడును గాని మెత్తబడదు. రాగి స్వభావము దానికి విరుద్ధము. రాగి విషయమున మెత్తబరచునది వేడియే. నీరు దానిని త్వరగా చల్లార్చి, పైనున్న మసిపొరను కొంత రాల్చును, అంతే.

కావున డ్రెయిన్ బోల్టు క్రింద నున్నది రాగి వాషరైనచో, దానిని మరల వాడుటకు న్యాయమైన మార్గము ఒకటి కలదు. గట్టి ఇనుపతీగకు తగిలించి, నీడలో, గ్యాసు పొయ్యి మంటపై ముదురు ఎరుపు రంగు వచ్చువరకు కాల్చి, నీట ముంచవలెను. పిమ్మట చదునైన గాజుపలకపై సన్నని ఎమెరీ కాగితమును పరచి, వాషరును దానిపై వ్రేలితో ఒత్తి గుండ్రముగా త్రిప్పుచు, నల్లని పొరను రుద్ది తీయవలెను. రెండు ప్రక్కలను ఒకే రంగు తేలినచో అది చదునుగా నున్నదని యర్థము. గోరు తగులుకొనునంత లోతైన గాడి యున్నచో, లేక ఒకప్రక్క పలుచబడినచో, ఇంత శ్రమ పడక పారవేయుట మేలు. డీజిలు పంపులు, ట్రాక్టర్లు బాగుచేయు పాత మెకానిక్కులు డీజిలు గొట్టముల కొసనుండు రాగి వాషర్లను ఇట్లు కాల్చి వాడుట కలదు. ప్రక్కింటి పెద్దాయన పదేండ్ల వాషరు రాగిదే యగునేమో!

ఐతే నేటి చిన్న మోటారు సైకిళ్లకు వచ్చునవి చాలవరకు అల్యూమినియపు వాషర్లు. తెల్లగా, తేలికగా నుండి, అయస్కాంతమునకు అంటుకొనవు. వీనిని పొయ్యిపై కాల్చు ప్రయత్నము చేయరాదు. రాగి 1085 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కరగదు. దానికి చాల ముందే ఎర్రబడి మనకు సూచన నిచ్చును. అల్యూమినియమో, 660 డిగ్రీలకే కరగును. అంతవరకు పగటి వెలుతురులో రంగు మారినట్లే కానరాదు. చూచుచుండగనే తీగనుండి జారి పొయ్యిలో పడును. కావున అల్యూమినియపు వాషరును ఆయిలు మార్చిన ప్రతిసారియు మార్చవలెననునదే నా యభిప్రాయము. తయారీదారులును సాధారణముగా ఇట్లే చెప్పుదురు. పల్లెలో రాత్రివేళ బోల్టు విప్పిన పిదప క్రొత్త వాషరు లేదని తెలిసినచో ఏమి చేయవలెను? పాతది చదునుగా నుండి, గీతలు పడక యున్నచో, తుడిచి, ఆ ఒక్కసారికి వేసికొనవచ్చును. ఆకాశము విరుచుకొని పడదు. కాని మరునాటినుండి దానిపై ఒక కన్ను వేసి యుండవలెను.

మరి రెండు జాతులు అప్పుడప్పుడు ఎదురగును. రేకును మడచి బోలుగా చేసిన వాషరు ఒకటి. బిగించునపుడు దాని మడత అణగి చదునగును. అణగిన మడతను మరల లేపుట అసాధ్యము కనుక దానిని గూర్చి చర్చయే లేదు, మార్చవలసినదే. ఉక్కు బిళ్ల లోపలి అంచున రబ్బరు అతికించినది రెండవది. ఇది అయస్కాంతమునకు అంటుకొనును. రబ్బరు పెదవి మెత్తగా, పగుళ్లు లేక యున్నంతకాలము దీనిని పలుమారులు వాడవచ్చును.

ఇంతకును, కొద్దిపాటి వెలగల బిళ్లకొరకు ఇంత విచారణ యెందుకని కొందరు అడుగవచ్చును. అసలు నష్టము వాషరుతో కలుగునది కాదు, దానివలన పానాతో మనము చేయు పనితో కలుగునది. గట్టిపడిన పాత వాషరు గీతలను పూడ్చలేదు. ఒక చుక్క కారును. చుక్కను చూచినవాడు సహజముగా ఇంకొంచెము బిగించును. మరల చుక్క. మరల బిగింపు. చిన్న మోటారు సైకిళ్ల డ్రెయిన్ బోల్టునకు తయారీదారులు చెప్పు బిగింపు సామాన్యముగా 24 నుండి 30 న్యూటన్ మీటర్ల వరకు ఉండును. మీ బండి కొలత దానితో వచ్చిన పుస్తకములో చూచుకొనవలెను. 24 న్యూటన్ మీటర్లు అనగా, 20 సెంటీమీటర్ల పొడవుగల పానా కొసను సుమారు 12 కిలోల బరువంత బలముతో లాగుట. 25 కిలోల బియ్యపు సంచిలో సగము ఎత్తు బలమన్నమాట. ఒక చేతి మణికట్టు పని అది. పానాకు గొట్టము తొడిగి, లేక కాలితో తొక్కి బిగించు వస్తాదు దానికి మూడు నాలుగు రెట్ల బలమును సులభముగా ప్రయోగించును.

బోల్టు ఉక్కుది, చాంబరు అల్యూమినియముది. ఈ కుస్తీలో ఉక్కు ఓడదు. చాంబరులోని మర మొదట సాగును, పిదప ఒకనాడు తీగచుట్టవలె ఊడి బోల్టుతో కూడ బయటికి వచ్చును. అప్పుడు రంధ్రమును పెద్దదిగా చేసి, క్రొత్త మర కోసి, అందులో ఉక్కు తీగచుట్టను దింపవలెను. లేదా పెద్ద కొలత బోల్టు వేయవలెను. అదియు కుదరనిచో చాంబరునే మార్చవలెను. చాంబరు మార్చుట యనగా ఇంజనును ఆసాంతము విప్పుట. ఆదోనిలోనో, నంద్యాలలోనో ఇట్టి పని చేయు నేర్పరులు దొరకుదురు. కాని పత్తికొండ ప్రక్కన పల్లెలో నున్నవాడు బండిని ఆటోలో నెక్కించుకొని రావలెను. పాలు పోయువానికి ఆ మూడు నాలుగు దినముల వాడిక పోవును. పొదుపు చేసిన వాషరు వెల ఏపాటిది, పోయిన సొమ్మేపాటిది యను లెక్క వేసికొనుట కష్టము కాదు.

ఎక్కువ బిగింపక చుక్కను అట్లే వదలివేసినచో? అదియు లెక్కించి చూడదగినదే. అయిదు సెకండ్లకు ఒక చుక్క కారుచున్నదనుకొందము. నిమిషమునకు 12, గంటకు 720. సుమారు 25 చుక్కలు ఒక మిల్లీలీటరని పెట్టుకొన్నచో గంటకు దాదాపు 29 మిల్లీలీటర్లు. కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు ఇంచుమించు 200 కిలోమీటర్లు, 100 సి.సి. బండిపై నెమ్మదిగా పోవువానికి అయిదు గంటల ప్రయాణము. ఆ ఒక్క ప్రయాణములో 145 మిల్లీలీటర్లు రోడ్డుపాలగును. అట్టి ఇంజను పట్టు ఆయిలు మొత్తము లీటరునకు లోపు, సుమారు 900 మిల్లీలీటర్లు. రెండు మారులు పోయి వచ్చునప్పటికి మూడింట రెండు వంతులు హరించుకొనిపోవును. చాల చిన్న బండ్లకు ఆయిలు తగ్గినదని హెచ్చరించు దీపము కూడ లేదు. ఇంజను పట్టివేసిన తరువాతనే సంగతి తెలియును. ఎండాకాలమున మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటిన గాలిలో నడచు బండికి ఆయిలు మరింత పలుచబడి, ఇంజను నిలిపియున్నపుడు కనబడని చుక్క పరుగులో కారుట కద్దు.

ఇక రబ్బరు ఉంగరముల సంగతి. ఆయిలు పోయు మూతకు, కొన్ని స్కూటర్లలో అడుగుననున్న జల్లెడ మూతకు, ఫిల్టరు మూతకు గుండ్రని రబ్బరు ఉంగరములుండును. మెకానిక్కులు వీనిని ఓరింగులందురు. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ అను యంత్రశిల్పి వీనికి 1937లో దరఖాస్తు చేసికొని 1939లో పేటెంటు పొందెను. లోహపు వాషరు నలిగి ఆపును. రబ్బరు ఉంగరము నలుగక ఆపును. ఎల్లప్పుడును తన పూర్వరూపమునకు రావలెనని అది ప్రక్కగోడలను త్రోయుచుండును. ఆ త్రోపులోనే దాని బలమంతయు నున్నది. త్రోపు చచ్చిన ఉంగరము ఉండియు లేనట్టిదే.

ఈ త్రోపు ఎంత ముఖ్యమైనదో లోకమంతయు ఒక విషాదమువలన తెలిసికొన్నది. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజరు అను వ్యోమనౌక ఎగిరిన 73 సెకండ్లకు ఆకాశముననే ముక్కలై, అందున్న ఏడుగురును మరణించిరి. ఆ ఉదయము చలి చాల తీవ్రముగా నుండుటచే, రాకెట్టు అతుకులలోని రబ్బరు ఉంగరములు తగినంత వేగముగా పూర్వరూపమునకు రాలేకపోయెను. విచారణ సంఘపు సభ్యుడైన రిచర్డ్ ఫైన్‌మన్ అను భౌతికశాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను బిగింపులో నొక్కి, మంచునీటి గ్లాసులో ముంచి తీసి, అది వెంటనే లేచి నిలువలేదని అందరియెదుట చూపెను. మన సీమలో చలి యొక సమస్య కాదు. కాని నెలల తరబడి వేడి ఇంజనులో నొక్కబడియున్న రబ్బరునకును చివరకు పట్టు గతి యదియే. చలిలో తాత్కాలికముగా చచ్చిన త్రోపు, వేడిలో శాశ్వతముగా చచ్చును.

పరీక్ష సులభము. ఉంగరమును తీసి రెండు వ్రేళ్ల నడుమ దొర్లింపుడు. క్రొత్తది గుండ్రని త్రాడువలె దొరలును. పాతబడినది ఒకవైపు చదునై, పలకలు తేలి, దొరలక నిలుచును. గోటితో నొక్కిన గుంట వెంటనే పూడవలెను. కొంచెము సాగదీసినపుడు సన్నని పగుళ్లు కనబడరాదు. ఈ మూడింటిలో ఏది తప్పినను మార్చుటయే. అన్నియు సరిగా నున్నచో, గుడ్డతో తుడిచి, క్రొత్త ఆయిలు కొంచెము పూసి, మరల వేయవచ్చును; ఇందులో భయపడవలసినది లేదు. పొడిగా వేసినచో మూత బిగించునపుడు మెలిపడి తెగును. ఉంగరమును పెట్రోలులో కడుగు అలవాటు మాత్రము మానవలెను. రబ్బరు పెట్రోలును పీల్చి ఉబ్బును. ఉబ్బినది గాడిలో కూర్చుండదు. బలవంతముగా కూర్చుండబెట్టినచో మూత అంచు దానిని కత్తిరించును. పై మూత ఉంగరమునకు ఆయిలు ఒత్తిడి లేదు కనుక అది చాలకాలము వచ్చును. అడుగు మూత ఉంగరముపై కొంత కఠినముగా నుండుటయే మేలు.

ఫిల్టరు విషయమున మనవారి పొదుపు ఒక్కొక్కప్పుడు మితిమీరును. స్ప్లెండరు వంటి 100 సి.సి. ఇంజనులలో కాగితపు ఫిల్టరు ఉండదు. ఆయిలు మడ్డిని గిరగిర త్రిప్పి అంచునకు చేర్చు తిరుగుడు ఫిల్టరు, ఒక తీగ జల్లెడ మాత్రమే యుండును. జల్లెడను కిరసనాయిలులో కడిగి, ఆరబెట్టి, చిరుగు లేకున్న మరల వాడవలసినదే. అది జీవితకాలపు వస్తువు. కాని కొన్ని పెద్ద బండ్లలో కాగితపు ఫిల్టరు కలదు. దానిని కూడ జల్లెడ వలెనే కడిగి ఆరబెట్టువారు కలరు. ఇది పొరపాటు. జల్లెడ మడ్డిని తన పైముఖముననే ఆపును. కాగితము తన మందములో, నారల నడుమ ఆపును. కడిగినచో నారల మధ్యనున్నది పూర్తిగా రాదు. వచ్చినదానిలో కొంత లోపలిప్రక్కకే, అనగా శుభ్రమైన ఆయిలుండవలసిన ప్రక్కకే చేరును. గాలిపంపుతో ఊదినచో కాగితము కంటికి కనబడనంతగా చిరుగును. చిరిగిన ఫిల్టరు లేని ఫిల్టరుకంటె చెడ్డది, ఏలయన ఉన్నదను ధైర్యము మనకు మిగిలియుండును.

ట్రాక్టరు గలవారికి మరొక మాట. డబ్బావలె తిరిగి బిగియు ఫిల్టరునకు ముఖమున ఒక రబ్బరు పట్టీ యుండును. పాత డబ్బాను విప్పునపుడు ఆ పట్టీ ఒక్కొక్కమారు ఇంజను ముఖమునకే అతుకుకొని నిలిచిపోవును. దానిని చూడక క్రొత్త డబ్బాను బిగించినచో, పట్టీపై పట్టీ పడి, ఇంజను నడువగానే ఒత్తిడికి జారి, ఆయిలంతయు నిమిషములో చిమ్మును. చుక్కలు లెక్కించు వ్యవధి కూడ ఉండదు. పాత డబ్బాను పారవేయుటకు ముందు దాని పట్టీ దానితోనే వచ్చినదా యని చూచుట ఒక్క క్షణపు పని.

మన ప్రాంతపు దుమ్మును గూర్చి చెప్పకున్న ఈ విషయము సగమే యగును. బోల్టు విప్పుటకు ముందు దాని చుట్టును శుభ్రపరచవలెనను నియమము అన్ని దేశములలోను ఉన్నదే. ఇచ్చట అది రెండింతలు నిజము. బేతంచర్ల, యర్రగుంట్ల వైపు బండ్లకు పట్టు తెల్లని సున్నపురాతి దుమ్మును చూచి జనులు ఎక్కువ భయపడుదురు. నిజమునకు అది మెత్తనిది. ఫ్రెడరిక్ మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1812లో ఏర్పరచిన కాఠిన్యపు కొలతలో సున్నపురాతి ఖనిజమునకు 3వ స్థానము. చాకు ఉక్కుకు సుమారు 5½. ఇసుకలోని పలుగురాతికి 7. అనగా ఎర్రనేలల దారులలో రేగు ఇసుక రేణువు ఉక్కును గీయగలదు, తెల్లని దుమ్ము గీయలేదు. అట్టి రేణువొకటి వాషరు క్రింద చిక్కినచో, వాషరు క్రొత్తదైనను పాతదైనను దాని ప్రక్కనుండి ఆయిలునకు దారి ఏర్పడును. చాంబరు చదునుపై గీత శాశ్వతముగా నిలుచును. కుందూ లోయ నల్లరేగడి మరొక తీరుది. వానలలో బండి అడుగున మెత్తి, ఎండి, రాయియై, బోల్టు తల పలకలను మూసివేయును. దానిని గీకక పానా వేసినచో పానా జారి, బోల్టు తల మూలలు అరుగును. గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరిన పిదప విప్పుట క్షేమము. గాలి వీచు ఆషాఢమాసమున వాకిలికంటె వసారా మేలు.

వాషరు మార్చుటకు బదులు బోల్టు మరలకు తెల్లని ప్లంబరు టేపు చుట్టుట, సిలికాను పేస్టు పూయుట ఇటీవలి వాడుక. నీటి గొట్టములకు జనపనార చుట్టి రంగు పూసి బిగించిన కాలమునుండి వచ్చిన ఆలోచన యిది. అచ్చట అది సబబే. నీటి గొట్టపు మర ఏటవాలుగా కోయబడి, మరయే నీటిని ఆపును. డ్రెయిన్ బోల్టు మర సమానముగా నుండును, ఆపునది ముఖము. మరకు ఏమి చుట్టినను ముఖమునకు లాభము లేదు. పైగా బిగించునపుడు లోపలికి ఒరిగిన టేపు పీలికలు, పేస్టు ఉండలు తెగి ఆయిలులో తేలి జల్లెడకు అడ్డుపడును. చుక్కను ఆపబోయి ఇంజనునకే ఆయిలు అందకుండ చేసికొనుట యగును.

పళ్లెములోని పాత ఆయిలునే గుడ్డతో వడకట్టి మరల పోయవచ్చునా యని అడుగువారును లేకపోలేదు. గుడ్డ ఆపునది పెద్ద మడ్డిని మాత్రమే. సన్నని లోహపు పొడి, మసి దిగిపోవును. ఆయిలులో కలిపిన రక్షక ద్రవ్యములు అప్పటికే ఖర్చై యుండును. కావున దానికి మరల ఇంజనులో చోటు లేదు. దిబ్బమీద, కాలువలో పారబోయుటయు తగదు. భారత ప్రభుత్వపు 2016వ సంవత్సరపు నియమములలో వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థములలో చేర్చబడియున్నది. ఏటికి ఇంచుమించు 700 మిల్లీమీటర్ల వానతో, బోరునీటితో బ్రతుకు ఊళ్లలో ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. మూతగల డబ్బాలో పోసి, పాత ఆయిలును పోగుచేసి అమ్ము గ్యారేజిలో ఇచ్చుట ఉత్తమము.

క్రొత్త వాషరును వేసి, బోల్టును మొదట వ్రేళ్లతోనే మూడు నాలుగు చుట్లు త్రిప్పుడు. వ్రేళ్లతో తిరుగని బోల్టునకు పానా వేయరాదు. మర అడ్డముగా పట్టినదని యర్థము. పిదప పానాతో తగుమాత్రము బిగించి, పుస్తకములో చెప్పినంత ఆయిలు పోసి, రెండు మూడు నిమిషములు ఇంజనును నడిపి నిలుపుడు. అడుగును పొడిగుడ్డతో తుడిచి, రాత్రి బండి క్రింద ఒక పాత వార్తాపత్రికను పరచి యుంచుడు. తెల్లవారి కాగితముపై మరక లేకున్న పని ముగిసినట్లే. మరక యున్నచో పానాను తీసికొని ఇంకొంచెము బిగించుటకు పోక, ఆయిలును శుభ్రమైన పళ్లెములోనికి దింపి, బోల్టు విప్పి, వాషరు ఇరుప్రక్కలను, చాంబరు ముఖమును వెలుతురులో చూడుడు. ఇసుక రేణువో, రెండవ వాషరో, పాత పట్టీ ముక్కయో అచ్చట కనబడును.